తోమిన మెరుపా, తోమని నలుపా: పాత రూపాయి కొనేటప్పుడు ఏది మేలు?

పోయిన నెల మాట. నెల్లూరు చిన్నబజారులో నాకు తెలిసిన వెండి కొట్టు ఒకటుంది. పాత రూపాయి బిళ్ళలు వస్తే కొట్టాయన వెంటనే కరగబెట్టడు, రెండు రోజులు పక్కన పెట్టి నాకు ఫోన్ చేస్తాడు. ఆ రోజు గల్లా పక్కన ఎర్రగుడ్డ పరిచి రెండు బిళ్ళలు పెట్టాడు. రెండూ ఐదో జార్జి బొమ్మవి, రెండూ 1912వి, రెండింటికీ బొరుసు వైపు అడుగున తామరపువ్వు కింద బొంబాయి టంకశాల చుక్క ఉంది. ఒకటి ఇప్పుడే అచ్చులోంచి ఊడిపడినట్టు ధగధగలాడుతోంది. రాజుగారి కిరీటం, మీసం, అంగీ మీది ఏనుగు, అన్నీ తేటగా ఉన్నాయి. రెండోది బూడిద రంగు. అక్షరాల సందుల్లో నలుపు పేరుకుంది, చెవి పైభాగం అరిగి నున్నబడింది, ఏనుగు తొండం ఉందా లేదా అన్నట్టుంది.

మెరిసేదానికి ఆరు వందలు ఎక్కువ చెప్పాడు. రెండూ దీపం కింద తిప్పి చూసి, నల్లదాన్ని జేబులో వేసుకున్నాను.

"అదేందన్నా, బాగుండేదాన్ని వదిలేసి మసిబిళ్ళని తీసుకుంటివే" అన్నాడు.

ఇంటికొచ్చి వాట్సాప్‌లో రెండింటి ఫోటో పెడితే కావలి నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇద్దరు అదే అడిగారు. ఇది కొత్త ప్రశ్నేం కాదు. మాటలు మారుస్తారు గానీ ఏడాదికి పదిసార్లయినా ఎవరో ఒకరు అడుగుతారు: అరుగుదల తక్కువున్నదాన్ని కొనాలా, పైపొర చెడనిదాన్ని కొనాలా? గ్రేడు వేసే కంపెనీ డబ్బాలో బిగించి నంబరు వేసింది మంచిదా, విడిది మంచిదా? నా జవాబు మొదటి నుంచీ ఒకవైపుకే మొగ్గుతుంది, దాచుకోను. ఎందుకు మొగ్గుతుందో చెప్తాను.

ఏనుగుని చూసి గ్రేడు

గ్రేడంటే నాణెం ఎంత అరిగిందో చెప్పే మెట్టు: ఫైన్, దాని పైన వీఎఫ్ (వెరీ ఫైన్), ఆ పైన ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్), అసలు వాడకంలోకి రానిది యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్). అంతకంటే వాటి జోలికి ఎక్కువ పోను. ఐదో జార్జి రూపాయికి నేను చూసే చోట్లు నాలుగు: చెవి పై అంచు, కనుబొమ్మ, కిరీటం మధ్య పట్టీ, అంగీ మీది ఏనుగు. ఏనుగు కాళ్ళు, తొండం విడివిడిగా కనిపిస్తూ చెవి అంచు మాత్రం కాస్త మొద్దుబారితే ఎక్స్‌ఎఫ్. ఏనుగు ఆకారం మిగిలి లోపలి గీతలు పోతే వీఎఫ్. ఏనుగుండాల్సిన చోట ఉబ్బు మాత్రమే ఉంటే ఫైన్ అనుకోండి, అంతకంటే బేరం పెంచనివ్వొద్దు.

ఆ ఏనుగుకి ఒక కథ ఉంది. 1911లో మొదటిసారి ఈ రూపాయిని కొట్టినప్పుడు తొండం పొట్టిగా వచ్చింది. అది ఏనుగు కాదు, పంది అని జనంలో గోల లేచింది. ప్రభుత్వం ఆ బిళ్ళల్ని వెనక్కి తీసుకుని, 1912 నుంచి తొండం సరిచేసిన కొత్త అచ్చు వాడింది. అందుకే 1911 దాన్ని పంది రూపాయి అంటారు, ధర కూడా బాగానే పలుకుతుంది. నా నల్ల బిళ్ళలో తొండం అరిగిపోయిందంటే పాపం రాజుగారు మళ్ళీ పాత చిక్కులో పడ్డట్టే.

ఈ లెక్కన కొట్టులో మెరిసినది ఎక్స్‌ఎఫ్, ఉదారంగా చూస్తే ఇంకో అరమెట్టు పైకి. నాది వీఎఫ్, అదీ కాస్త బతిమాలితే. పుస్తకం ప్రకారం మెరిసేదే గెలవాలి. దీపం కింద పెట్టేదాకా గెలిచింది కూడా.

దీపం కింద

నాణెం చూడటానికి ట్యూబులైటు పనికిరాదు. వెలుతురు నాలుగు పక్కల నుంచీ పడి గీతల్ని కప్పేస్తుంది. ఒక్క బల్బు ఉన్న బల్లదీపం కావాలి. కొట్లో అది లేకపోతే సెల్లు టార్చి అయినా సరే, ఒక పక్కనుంచి పడాలి. బిళ్ళ అంచుల్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ముఖం తాకకుండా, మెల్లగా అటూ ఇటూ వంచాలి.

అసలైన కొత్త నాణెం అయితే వెలుగు దాని మీద తిరుగుతుంది. ఎద్దులబండి చక్రానికి ఆకులు ఉంటాయి చూడండి, అలా మధ్య నుంచి అంచుకి నాలుగైదు వెలుగు ఆకులు బయల్దేరి, మీరు వంచే కొద్దీ చక్రంలా తిరుగుతాయి. అచ్చు దెబ్బ పడినప్పుడు వెండి మధ్యనుంచి అంచుకి పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి కనపడనంత సన్నని గీతలుగా మిగిలిపోతాయి. వెలుగు తిరిగేది వాటి మీదే. ఆ పొర ఎంత పలచనంటే, జేబులో కొన్నాళ్ళు తిరిగినా ఎత్తు భాగాల మీద పోతుంది. పీచుతో తోమితే మొత్తం పోతుంది.

కొట్టులోని బిళ్ళ మెరిసింది గానీ వెలుగు తిరగలేదు. ఎటు వంచినా ఒకే చోట, ఒకే తీరుగా, స్టీలు గ్లాసులా మెరిసింది. ఇంకాస్త వంచితే రాజుగారి మెడ వెనక ఖాళీ జాగాలో సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి, చీపురుతో ఇసక వాకిలి ఊడ్చినట్టు కనిపించాయి. జేబులో పడిన గీతలు ఇలా ఉండవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, తలా ఒక దిక్కుకి పోతాయి. ఒకే దిక్కుకి ఉన్నాయంటే చెయ్యి పడిందన్నమాట. భూతద్దం పెట్టి బొరుసు చూస్తే దొంగ దొరికాడు. రూపీ అన్న ఇంగ్లీషు మాటలో ఆర్ అక్షరం కడుపులో తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది. గిన్నెలు తోమే పొడి.

నాకు ఇదే తేల్చేసే విషయం. అరుగుదల అందరికీ కనపడేది. ఎంత అరిగిందో కొనేవాడూ అమ్మేవాడూ ఒకే చోట వేలు పెట్టి చూపించుకోవచ్చు, దాన్నిబట్టి ధర తగ్గించుకోవచ్చు. వడ్లు అమ్మిన చేతిలోంచి, పొగాకు బేరంలోంచి, తిరణాల ఖర్చులోంచి తిరిగి తిరిగి అరిగిన బిళ్ళ అది. ఆ అరుగుడు మీద మళ్ళీ పాతికేళ్ళకో యాభై ఏళ్ళకో సన్నగా నలుపు కమ్ముతుంది. తోమిన బిళ్ళకి ఎన్ని మెట్లు దిగాలో ఎవరూ చెప్పలేరు. ఒకరు ఒక మెట్టంటారు, ఒకరు అసలు వద్దంటారు. అమ్మబోయిన రోజు మీ చేతిలో ఉన్న ఎక్స్‌ఎఫ్ ఎదుటివాడి కంటికి ఏమవుతుందో అతని ఓపికని బట్టి ఉంటుంది. అమెరికాలో గ్రేడు వేసే పెద్ద కంపెనీలు కూడా తోమినదానికి నంబరు ఇవ్వవు. ఎక్స్‌ఎఫ్ డీటైల్స్, క్లీన్డ్ అని రాసి వదిలేస్తాయి. అంటే బొమ్మ వివరాలున్నాయి, పైపొర లేదు అని.

అవ్వ చేతి చింతపండు

ఇక్కడ తోమిన బిళ్ళలే ఎందుకు ఎక్కువ దొరుకుతాయంటే మన ఇళ్ళే కారణం. మా అవ్వ దగ్గర పదకొండు రాణి రూపాయలు ఉండేవి. శ్రావణ శుక్రవారం పొద్దున్నే వాటిని చింతపండు పులుసులో నానేసి, ముగ్గుపిండితో తోమి, పసుపునీళ్ళలో కడిగి, కలశం ముందు తమలపాకు మీద పేర్చేది. ఏడాదికి ఒకటి రెండు తోముళ్ళు, అరవై ఏళ్ళు. లక్ష్మీదేవి ముందు మసిబిళ్ళ పెట్టడం ఆమెకి ఊహకి కూడా అందదు. ఆమెని తప్పు పట్టను. ఆ బిళ్ళలు ఆమెకి పూజసామాను, నాకు నాణేలు.

తప్పు పట్టాల్సింది నన్ను. పద్నాలుగో ఏట ఆ పదకొండులో ఒకటి నాకిచ్చింది. 1862 విక్టోరియా రాణి, తోముడు తక్కువ పడి మిగిలింది, ముఖమంతా లేత ఊదా నీలం కలిసిన రంగు. ఆ రంగు అక్కర్లేదనుకున్నాను. పళ్ళపొడి పెట్టి బొటనవేలితో అరగంట రుద్దాను. రాణిగారి బుగ్గ తెల్లగా మెరిసింది, స్కూల్లో అందరికీ చూపించాను. పదేళ్ళ తర్వాత మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ బిళ్ళని రెండు క్షణాలు వంచి చూసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టేశాడు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తే. అది ఇంకా నా దగ్గరే ఉంది. ముప్పై ఏళ్ళుగా మళ్ళీ రంగు పడుతోంది గానీ, పడిన రంగు కింద బొటనవేలి గీతలు అలాగే కనిపిస్తాయి.

టంకం సంగతి వేరే. నగకి అతికించి తీసిన రూపాయలు ఒంగోలు వైపు చాలా వస్తాయి. అంచు మీద గాట్లు ఒకచోట పూడిపోయి, అక్కడ వెండి రంగు కొద్దిగా తేడాగా ఉంటే కంసాలి పెట్టిన కొక్కెం ఊడదీశారని అర్థం. బొమ్మ ఎంత బాగున్నా నేను పట్టుకోను. అందుకే బొమ్మ, బొరుసు చూసి ఊరుకోకుండా అంచు చుట్టూ ఒకసారి తిప్పండి. మూడు సెకన్ల పని.

నగల మాటొచ్చింది కాబట్టి మన ఊరి పాత కథ ఒకటి. 1780ల్లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, కింద ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. రైతు పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. ముప్పై చిల్లర మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు దగ్గరికి చేరి మిగిలాయి. వాటిని చూసిన అలెగ్జాండర్ డేవిడ్సన్, అంతకు కొంచెం ముందు మద్రాసు గవర్నరుగా చేసినాయన, 1787లో ఉత్తరం రాస్తూ ఏమంటాడంటే: చాలా నాణేలు టంకశాల నుంచి నిన్ననే వచ్చినట్టున్నాయి, మరికొన్ని బాగా అరిగాయి, చిల్లులు పడ్డాయి, ఒంటి మీద నగలుగా వేసుకుని ఉంటారు. నంబర్లు లేవు, అక్షరాలు లేవు. కానీ కొత్తదనం, అరుగుదల, చిల్లు, మూడింటినీ విడివిడిగా చూశాడాయన. అంత పాత నాణేలకి అంతకంటే మంచి గ్రేడింగు నేను చదవలేదు.

నలుపు కూడా మోసం చేస్తుంది

ఇంత చెప్పాక నల్లగా ఉన్నదల్లా కొనుక్కొచ్చి నా మీద పడేరు. మెరుపుకి గిరాకీ తగ్గి నలుపుకి పెరిగిందని అమ్మేవాళ్ళకీ తెలిసిపోయింది. ఉడికిన కోడిగుడ్డు చిదిపి, తోమిన వెండి బిళ్ళతో కలిపి మూతపెట్టిన డబ్బాలో ఉంచితే పచ్చసొనలోని గంధకం ఒక్క రోజులో రంగులు తెప్పిస్తుంది. పదేళ్ళ పని పొద్దుటికి అయిపోతుంది.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. కాలం వేసిన రంగు పల్లాల్లో చిక్కగా, ఎత్తుల మీద పలచగా ఉంటుంది, ఎందుకంటే ఎత్తుల్ని చేతులు తుడుస్తూనే ఉంటాయి. నా 1912 బిళ్ళలో అక్షరాల సందుల్లో నలుపు, చెవి మీద తెలుపు, మధ్యలో బూడిద. గుడ్డు వేసిన రంగు ఎత్తుపల్లాలు చూడదు, నీలం ఊదా పెయింటులా మొత్తం పరుచుకుంటుంది. దాని కింద ఆ ఒకే దిక్కు గీతలు కనపడితే ఇంక అనుమానమే లేదు. ముందు తోమి, తర్వాత వండారన్నమాట.

రాగి కాలణాలు, పైసల సంగతిలో నలుపు, గోధుమరంగు మంచివే. పచ్చటి పొడిలా లేచేది మాత్రం మంచిది కాదు, అది లోహాన్ని తింటూ పోతుంది. మన కోస్తా గాలికి, ఉప్పు తేమకి రాగి తొందరగా పచ్చబడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బం కవర్లు కూడా కొన్నాళ్ళకి జిగురు కార్చి ఆ పచ్చదనాన్ని పెంచుతాయి. ఆ జిగురు పోవాలంటే అసిటోన్‌లో ముంచి తీయొచ్చు, అది లోహాన్ని ముట్టుకోదు. రుద్దకండి, అంతే.

మెరిసేదే మేలైన సందర్భాలు లేకపోలేదు. వెలుగు నిజంగా తిరిగే బిళ్ళ దొరికితే ఇంకేం ఆలోచించకండి, నా నల్లదాన్ని పక్కకి నెట్టి కొనేయండి. పూజకో, మనవరాలి బారసాలకి కానుకగానో అయితే తోమినదే కొనండి, చూడటానికి బాగుంటుంది, ధర కూడా లాగొచ్చు. అసలు ఈ మధ్య వెండి పెరిగాక మామూలు సంవత్సరాల రూపాయల్లో గ్రేడు గొడవ సగం పోయింది. 11.66 గ్రాముల బిళ్ళలో పది గ్రాముల ఆరువందల తొంభై మిల్లీలు అచ్చ వెండి. బాగా అరిగినదైనా, తోమినదైనా వెండి ధర కంటే కిందికి దిగదు. కొట్టాయనలు బిళ్ళని చూడటం మానేసి కాటా చూస్తున్నారు. 1940 నుంచి 1945 దాకా కొట్టిన ఆరో జార్జి రూపాయల్లో మాత్రం వెండి సగమే, ఆ తేడా మర్చిపోయి బేరమాడకండి.

58 మేలా, 61 మేలా

ఇది నంబర్ల వాళ్ళ ప్రశ్న. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత పెద్ద సెంట్లనే రాగి నాణేల కోసం 1 నుంచి 70 దాకా కొలత పెట్టాడు. 70 వచ్చిన సెంటు ధర 1 వచ్చినదానికి డెబ్బై రెట్లు ఉండాలని ఆయన లెక్క. ధరలు ఆ మాట ఎప్పుడో తప్పాయి, నంబర్లు మాత్రం ప్రపంచమంతా పాకాయి. అన్నట్టు, ఈ షెల్డన్ గారే న్యూయార్కులో ఒక పెద్ద సంస్థ సేకరణలోని మేలైన సెంట్లు తీసుకుని, వాటి చోట తన దగ్గరి తక్కువరకం పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. గ్రేడులో తేడా ఎంత విలువైనదో ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది.

60 నుంచి పైన వాడకంలోకి రానివి, 58 అంటే ఒక్క పిసరు అరిగినది. కాబట్టి 61 మేలనిపిస్తుంది. నా అనుభవంలో 58లే అందంగా ఉంటాయి. 60, 61 బిళ్ళలు చేతులు మారి ఉండవు నిజమే, కానీ టంకశాల సంచుల్లో ఒకదాని మీద ఒకటి పడి బుగ్గనిండా గాట్లతో వస్తాయి. 58కి ముఖం శుభ్రంగా ఉండి, చెవి అంచున మాత్రం వెలుగు తిరగడం ఆగుతుంది. ధర తక్కువ, చూపు ఎక్కువ. ఇదీ పాత వాదనే: నంబరు అరుగుదలని ముందు చూస్తుంది, కన్ను ముఖాన్ని ముందు చూస్తుంది.

డబ్బాలోదా, విడిదా

1986లో పీసీజీఎస్, మరుసటి ఏడాది ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగు కంపెనీలు నాణేన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, నంబరు వేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. మనవాళ్ళు స్లాబు అంటారు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్ళు స్లాబు లేనిదే కొనమంటున్నారు. భయం అర్థమవుతుంది. నకిలీ అయితే? తోమినదైతే? డబ్బా ఆ రెండు భయాలూ తీరుస్తుంది, అది తక్కువ మేలు కాదు.

అయితే మన దగ్గర ఒక చిక్కుంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించే హక్కు మామూలు మనిషికి లేదు. అంటే నా 1912 రూపాయిని కొరియర్లో అమెరికా పంపి గ్రేడు వేయించుకొస్తానంటే కుదరదు. ఎవరైనా "మీ రాణి రూపాయి పంపండి, ఫారిన్‌లో స్లాబు చేయించి తెస్తాం" అంటే ముందు ఈ చట్టం సంగతి అడగండి.

అందుకని నా పద్ధతి ఇది. మామూలు సంవత్సరాలది, దీపం కింద మీరే చూసుకోగలిగింది అయితే విడిగానే కొనండి. డబ్బా ఖర్చు బిళ్ళ ఖర్చుని మించిపోతుంది. 1939 ఆరో జార్జి రూపాయి లాంటి అరుదైనది అయితే స్లాబులో ఉన్నదే కొనండి, ఇంకో మాట లేదు. మామూలు 1938 దాన్ని తెచ్చి 8ని 9గా చెక్కేవాళ్ళు ఉన్నారు. అంత డబ్బు పెట్టేటప్పుడు నా కన్నునీ నేను నమ్మను. డబ్బా మీది నంబరుని కంపెనీ సైట్లో కొట్టి, అక్కడి ఫోటోలో గీతలు, మచ్చలు మీ ముందున్న బిళ్ళ మీద ఉన్నాయో లేదో పోల్చుకోండి. డబ్బాలకీ నకిలీలున్నాయి మరి.

డీటైల్స్ అని రాసిన స్లాబు చవగ్గా వస్తే? కొనొచ్చు. తోమిందని రాసిపెట్టి మరీ అమ్ముతున్నారు, ఎర్రగుడ్డ మీద పెట్టి యూఎన్‌సీ అనడం కంటే నయం.

మిగతావి రెండు ముక్కల్లో. ప్రూఫ్ అనేది గ్రేడు కాదు, తయారీ పద్ధతి, మెరుగుపెట్టిన అచ్చులతో ప్రత్యేకంగా కొట్టినవి. టంకశాల నుంచి వచ్చిన సెట్టు అయితే డబ్బా తెరవకుండా ఉంచుకోండి, వేలిముద్ర పడితే అయిపోయింది. బ్రిటిషు కాలపు నాణేలకి ప్రూఫు రీస్ట్రైకులు, అంటే పాత నాణేన్నే మళ్ళీ కొట్టినవి, మన టంకశాలలు చాలా ఏళ్ళ తర్వాత కూడా కొట్టాయి, వాటిని అసలు ధరకి కొనకండి. మొఘలు రూపాయలు, విజయనగర కాసులు, శాతవాహనుల సీసపు ఓడ నాణేలు చేత్తో కొట్టినవి. వాటికి అరుగుదల కంటే అచ్చులో ఎంత భాగం బిళ్ళ మీద పడిందన్నదే ముఖ్యం. టంకశాల ఊరి పేరు, సంవత్సరం పూర్తిగా పడిన ఫైన్, అవి లేని ఎక్స్‌ఎఫ్ కంటే మేలు. సీతారాములు, ఆంజనేయుడు, 1818 అని ఉన్న ఈస్టిండియా కంపెనీ అణాకి ఏ గ్రేడూ లేదు, అలాంటి నాణెం కంపెనీ ఎప్పుడూ కొట్టలేదు. పాత నోటుకి లక్షలిస్తామని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందుగా ఫీజు అడిగేవాళ్ళు మోసగాళ్ళని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. అలాంటి ఫోనొస్తే పెట్టేయండి.

మళ్ళీ చిన్నబజారుకి. నేను వదిలేసిన మెరుపుబిళ్ళ పది రోజుల్లో అమ్ముడుపోయింది. కొట్టాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు, యూఎన్‌సీ అని రాసిన చిన్న కవర్లో పెట్టి ఇచ్చానని, బేరం కూడా ఆడలేదని. పోయిన ఆదివారం ఆత్మకూరు నుంచి ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు, నాణేలు మొదలుపెట్టి ఏడాదవుతోందట. కవరు తీసి బల్ల మీద పెట్టి, "గ్రేడు చూసి చెప్పన్నా" అన్నాడు. బయటికి తీసి రూపీ మాటలో ఆర్ అక్షరం చూశాను. తెల్లపొడి అక్కడే ఉంది.

దీపం వేసి, బిళ్ళ అతని చేతికే ఇచ్చి వంచమన్నాను. మెడ వెనక చూడమన్నాను. చాలాసేపు వంచాడు.

"ఎక్స్‌ఎఫ్, తోమింది" అన్నాను.

"ఆ రెండో మాట లేకుండా చెప్పేదానికి కుదరదా అన్నా?" అన్నాడు.